చదును నీళ్ల వెతుకులాట

ఉప్పల్ చౌరస్తా చుట్టూ స్కైవాక్ వచ్చాక మా తూర్పు హైదరాబాద్‌లో గాలి చూసుకోవడానికి ఒక మంచి చోటు దొరికింది. 2023 జూన్‌లో దాన్ని తెరిచింది రోడ్డు దాటే జనం కోసం. నేను మాత్రం దాని మీద నిలబడి, వరంగల్ రోడ్డులో లేచిన దుమ్ము ఎటు పోతోందో చూస్తుంటాను. మృగశిర కార్తె వచ్చి, ఇళ్లల్లో చేపల కూరలు వండుకుని తిన్నాక, ఏదో ఒక మధ్యాహ్నం పడమటి గాలి పట్టుకుంటుంది. ఫ్లెక్సీలు పటపటలాడతాయి. బండి మీద వెనక కూర్చున్నవాళ్లు చున్నీలూ కొంగులూ బిగించుకుంటారు. ఆ రోజు నుంచి ఆగస్టు దాకా నా మనసు చేసే పని మీద సరిగ్గా నిలవదు.

మా ఇల్లు నాచారంలో. అక్కడ గాలి దిశ కనుక్కోవడానికి ఆకులు చూడనక్కర్లేదు, ముక్కు చాలు. పారిశ్రామికవాడ వైపు నుంచి వీస్తే మందుల ఘాటు, చెరువు వైపు నుంచి వీస్తే మురుగు కంపు. రెండూ లేకపోతే గాలే లేదని అర్థం. పేరుకు మాకు నీళ్ల కొరత లేదు. నాచారం పెద్ద చెరువు ఉంది, ఉప్పల్ నల్ల చెరువు ఉంది, రామంతాపూర్ చెరువు ఉంది, కాస్త కిందికి దిగితే మూసీయే ఉంది. వాటిలో ఏ ఒక్కదానిలోనూ మోకాలి లోతు దిగాలని ఎవరికీ అనిపించదు. కాబట్టి ఈ పరిసరాల్లో విండ్‌సర్ఫింగ్ పిచ్చి పట్టినవాడు ఊరు దాటక తప్పదు.

ఆ ఆట చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. పొడుగాటి పలక మీద తెరచాప నిలబెడతారు. తెరచాప అడుగున ఎటైనా వంగే కీలు ఉంటుంది. చుక్కాని ఉండదు. తెరచాపను ముందుకు వాలిస్తే పలక గాలి వాలుకు తిరుగుతుంది, వెనక్కి వాలిస్తే గాలికి ఎదురు తిరుగుతుంది. కాలిఫోర్నియాలో జిమ్ డ్రేక్, హోయిల్ ష్వైట్జర్ అనే ఇద్దరు 1968లో పేటెంటుకు దరఖాస్తు పెట్టుకున్నది ఇలాంటి ఏర్పాటుకే. 1984 లాస్ ఏంజెలిస్ నాటికి అది ఒలింపిక్ క్రీడ అయిపోయింది. మన దేశంలో అది ఉన్నట్టే చాలామందికి తెలియదు గానీ, 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఈబాద్ అలీ విండ్‌సర్ఫింగ్‌లో కాంస్యం తెచ్చాడు.

నాది పందెం రకం కాదు. బోర్డు మీద నిలబడి, మణికట్టుకు జీపీఎస్ కట్టుకుని, ఒడ్డు వెంబడి ఒక్క పరుగు తీసి, నిన్నటి నా అంకె కంటే ఇవాళ్టిది పెద్దదా అని చూసుకునే రకం. ప్రపంచమంతటా ఇలాంటివాళ్లు వేలల్లో ఉన్నారు. రెండు సెకన్ల గరిష్ఠ వేగం, పది సెకన్ల పరుగులు అయిదింటి సగటు, అయిదు వందల మీటర్లు, ఒక నాటికల్ మైలు, గంటసేపటి సగటు, ఇలా ఒక్కొక్కరికి ఒక్కో మోజు. వేగాన్ని నాట్లలో చెప్పుకుంటారు. ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు.

2000కు ముందు ఇది మామూలు మనిషికి అందే సరదా కాదు. ఇంగ్లండ్‌లోని వేమత్ దగ్గర 1972 నుంచి వేగ పోటీలు జరుగుతున్నా, అక్కడ కొలిచి గుర్తులు పెట్టిన అయిదు వందల మీటర్ల దారి ఉండాలి, గడియారాలు పట్టుకున్న మనుషులు ఉండాలి, తీర్పరులు ఉండాలి. 2000 మే మొదట్లో అమెరికా, పౌరులకు అందే జీపీఎస్ సంకేతాల్లో తాను కావాలని కలిపిన లోపాన్ని తీసేసింది. దాంతో ఏ చెరువులో ఉన్నవాడైనా తన వేగం తాను కొలుచుకునే వీలు దొరికింది. మంచి పరికరాలు వేగాన్ని రెండు చోట్ల మధ్య దూరం నుంచి లెక్కకట్టవు. ఉపగ్రహం పంపే రేడియో తరంగం పౌనఃపున్యంలో వచ్చే తేడా నుంచి నేరుగా పట్టుకుంటాయి. ఎక్కడున్నావన్నది రెండు మూడు మీటర్లు అటూ ఇటూ అయినా, ఎంత వేగంగా పోతున్నావన్నది గట్టిగా చెబుతాయి.

ఈ కొలతల సంగతికొస్తే మా పేట తక్కువదేమీ కాదు. హబ్సిగూడ నుంచి ఉప్పల్ పోయే రోడ్డులో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉంది. అందరూ ఎన్‌జీఆర్ఐ అనే అంటారు, బస్సు కండక్టర్లతో సహా. 1961లో పెట్టిన ఆ సంస్థ ఆవరణలో, నేలకు బిగించి ఉంచిన ఒక జీపీఎస్ కేంద్రం పనిచేస్తుంది. ప్రపంచమంతా పరుచుకున్న అలాంటి కేంద్రాల జాబితాలో దాని పేరు హైడ్. అది తాను కదలకుండా కూర్చుని, తన కిందున్న నేల ఎంత కదులుతోందో చెబుతుంది. భారత భూఫలకం ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున ఈశాన్యం వైపు జరుగుతోందన్న లెక్క ఇలాంటి కేంద్రాల పుణ్యమే. నా మణికట్టు మీది గడియారమూ ఆ ఉపగ్రహాలనే వింటుంది. మెట్రోలో ఆ ప్రహరీ పక్క నుంచి వెళ్లిన ప్రతిసారీ, లోపలివాళ్లతో నాకేదో చుట్టరికం ఉన్నట్టు అనిపిస్తుంది. వాళ్లకు ఆ సంగతి తెలియదనుకోండి.

వేగం వెతుకుతూ ఒక ఏడు ఆషాఢంలో నా యాత్ర మొదలైంది మన హుస్సేన్ సాగర్ నుంచే.

ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో కట్టిన ఈ చెరువు నాలుగున్నర శతాబ్దాల తర్వాత దేశంలో తెరచాప పడవల బడిగా మారుతుందని కట్టినవాళ్లు ఊహించి ఉండరు. టాంక్‌బండ్‌కు సికింద్రాబాద్ వైపు కొసన ఉన్న కూడలిని ఆటోవాళ్లు ఇప్పటికీ సెయిలింగ్ క్లబ్ అనే పిలుస్తారు. సైన్యానికి చెందిన ఈఎంఈ సెయిలింగ్ సంఘం ఇక్కడే ఉంది. ఏటా జూలైలో హైదరాబాద్ సెయిలింగ్ వీక్ జరిగేదీ ఇక్కడే. జూలై ఎందుకంటే, మన పీఠభూమి మీద ఏడాది మొత్తంలో గాలి మాట నిలబెట్టుకునేది జూన్, జూలైల్లోనే. 2009లో సుహేమ్ షేక్ మొదలుపెట్టిన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పేదింటి పిల్లలను సర్కారు బడుల నుంచి తీసుకొచ్చి పడవలెక్కించింది. వాళ్లలో ఒకమ్మాయి, కొంగర ప్రీతి, హాంగ్‌జౌ దాకా వెళ్లి 470 తరగతి పడవలో పోటీ చేసింది. పది పన్నెండేళ్ల పిల్లలు ఆప్టిమిస్ట్ అనే చిన్న తొట్టి పడవల్లో బుద్ధుడి విగ్రహం చుట్టూ తిరుగుతుంటే చూడటం నాకు ఈ ఊళ్లో ఉన్న గొప్ప వినోదాల్లో ఒకటి. ఒడ్డున మొక్కజొన్న పొత్తులు కాల్చే ఆమెకు కూడా ఏ పిల్లవాడు ఎవరి కంటే ముందున్నాడో తెలుసు.

సాగర్ నీళ్ల గురించి దాచేదేమీ లేదు. వాసన ఉంటుంది. గుర్రపుడెక్క ఉంటుంది, కవర్లుంటాయి. బోర్డు కింద నిలువుగా ఉండే ఫిన్‌కు అవి చుట్టుకుంటే వేగం చచ్చిపోతుంది. అందుకే ఇక్కడ బాగా వెనక్కి వాలిన ఫిన్ బిగించాలి, చెత్త దానంతటదే జారిపోతుంది. ఇంకో ఇబ్బంది కంటికి కనబడనిది. ఈ నగరం సముద్రమట్టానికి అయిదు వందల మీటర్లకు పైన ఉంది. ఇక్కడి గాలి సముద్రపు ఒడ్డున ఉండే గాలి కంటే సుమారు అయిదు శాతం పలచన. అదే విసురుకు తెరచాప మీద అంత మేర తోపు తగ్గుతుంది. పెద్ద తెరచాప కట్టుకోవాలి.

ఆ మధ్యాహ్నం పెద్దదే కట్టాను. గాలి ముక్కలు ముక్కలుగా వస్తోంది. నెక్లెస్ రోడ్డు మీది చెట్లు, వాటి వెనక భవనాలు దాన్ని చీల్చి పంపిస్తాయి. పక్కన చిన్న పడవ తుడుచుకుంటున్న కుర్రాడు నా తెరచాప వంక చూసి, "అన్నా, మీద తాకే గాలిని నమ్మకు. నెక్లెస్ రోడ్డు దిక్కు చూడు. నీళ్లు నల్లగైతున్నయి సూడు, గదొస్తది ఇప్పుడు," అన్నాడు. నిజంగానే దూరంగా నీటి మీద నల్లటి మచ్చ ఒకటి కదిలి వస్తోంది. అది వచ్చి తగిలే సరికి నడుముకు బిగించిన హార్నెస్‌లో బరువంతా వేలాడేసి, కాళ్లు పట్టీల్లో దూర్చి సిద్ధంగా ఉన్నాను. బోర్డు నీళ్లను చీల్చడం మాని నీళ్ల పైకి లేచింది. విసురు ఉన్నంతసేపూ పరుగు. అది దాటిపోయాక మళ్లీ తాబేలు బతుకు.

సాగర్‌లో నా గరిష్ఠం 22 నాట్లు, అంటే గంటకు దాదాపు 41 కిలోమీటర్లు. టాంక్‌బండ్ మీద బైకు కుర్రాళ్లు నవ్వుతారు. వాళ్లకు అడుగున తారు ఉంది.

అసలు సాగర్‌లో అంకె పెరగకపోవడానికి గాలి కంటే కట్ట పెద్ద కారణం. మన తెలంగాణ నేల పడమట ఎత్తు, తూర్పున పల్లం. వాగు తూర్పుకు పారుతుంది, దానికి అడ్డంగా తూర్పు వైపున కట్ట వేస్తారు. వానాకాలం గాలి పడమటి నుంచి వస్తుంది. అంటే చెరువు పొడుగునా గాలి నీళ్లను తోసుకుంటూ తెచ్చి కట్టకేసి కొడుతుంది. నీటి వైపు కట్టకు రాళ్లు పరిచేది ఆ అలలు మట్టిని కొరికేయకుండానే. కట్ట దగ్గర గాలి బలంగా, సాఫీగా ఉంటుంది, నీళ్లు మాత్రం కుతకుతలాడతాయి. రాతికి తగిలి వెనక్కి తిరిగిన అల ఎదురొచ్చే అలతో కలబడి అక్కడ పొడుచుకొచ్చిన నీటి గడ్డలు తయారవుతాయి. పడమటి ఒడ్డున నీళ్లు చదునే, అక్కడ గాలి చెట్లలో చిక్కుకుని ఉంటుంది. వేగానికి కావలసిన ఏర్పాటు సరిగ్గా దీనికి తలకిందులు. గాలి వచ్చే వైపున పల్చటి, పొట్టి కట్ట ఉండాలి. అది అలలను ఆపాలి, గాలిని ఆపకూడదు. సాగు కోసం కట్టిన చెరువులను ఈ కారణంగా తప్పుపట్టడం అన్యాయమే. అయినా టాంక్‌బండ్ మీద మహనీయుల విగ్రహాల ముందు తడి బట్టలతో నిలబడి నేను ఆలోచించింది అదే.

ప్రపంచ రికార్డుల చరిత్ర కూడా ఇదే మాట చెబుతుంది. ఫ్రాన్సు దక్షిణాన సాంత్ మారీ దగ్గర కేవలం వేగం కోసం ఒక కాలువ తవ్వారు. ఎరిక్ బీల్ 1988లో అక్కడే 40 నాట్లు దాటాడు. నమీబియా ఎడారిలో ల్యూడెరిట్జ్ దగ్గర ఇసుకలో ఇంకో సన్నటి కాలువ తవ్వారు. 2015లో ఆంత్వాన్ అల్బో అందులో 53.27 నాట్లు తీశాడు, గంటకు 98 కిలోమీటర్ల పైచిలుకు. ఆ కాలువల వెడల్పు చూస్తే మా నాచారం నాలాలు గుర్తొస్తాయి. గాలి ఎక్కువున్న సముద్రాలు లోకంలో చాలా ఉన్నాయి. అంత గాలిలోనూ అల లేవని నీళ్లు దొరకడమే అరుదు. డబ్బున్నవాళ్లు వాటిని తవ్వుకున్నారు. మనకు ప్రకృతి తవ్వి పెట్టిన చోటు ఎక్కడుందని అడిగితే, తెలిసినవాళ్లంతా దక్షిణం వైపే చెయ్యి చూపించారు.

రామేశ్వరం చేరేటప్పుడు పాంబన్ మీద రైలు మెల్లగా వెళ్తుంది. 1914 నాటి పాత వంతెన పక్కనే నిలబడి కనిపించింది, తుప్పు రంగులో, పెన్షను పుచ్చుకున్న ఉద్యోగి గాంభీర్యంతో. 2025 ఏప్రిల్‌లో మొదలైన కొత్త వంతెన మీద పెట్టె పెట్టంతా కిటికీల వైపు ఒరిగింది. మా పెట్టెలో సగం మంది తెలుగువాళ్లే, కాశీ వెళ్లొచ్చి రామేశ్వరంతో యాత్ర ముగిస్తున్నవాళ్లు. అందరూ దండాలు పెడుతుంటే నేను ఎడమ కిటికీకీ కుడి కిటికీకీ మధ్య పరుగులు పెడుతున్నాను. కుడి వైపు మన్నార్ సింధుశాఖ తెల్లటి నురగలతో ఉడుకుతోంది. ఎడమ వైపు పాక్ అఖాతం, అలికిన వాకిలిలా ఉంది. రెండింటి మీదా అదే గాలి.

తెనాలి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ చాలాసేపటి నుంచి నా పొడుగాటి సంచీని గమనిస్తోంది. "ఏం నాయనా, అందులో ఏముంది?" అంది. తెరచాప అన్నాను. ఏం చేస్తావంది. సముద్రం మీద కొంత దూరం పోయి వెనక్కి వస్తానన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "హనుమంతుడు కూడా ఇక్కడి నుంచే వెళ్లాడు. ఆయన వెళ్లి పని చూసుకుని వచ్చాడు. నువ్వు ఉత్తినే వెళ్లి ఉత్తినే వస్తావా?" అంది. పెట్టంతా నవ్వింది. దిగేటప్పుడు ఆవిడే సంచీ ఒక కొస పట్టుకుని సాయం చేసింది, అరిసెలు రెండు చేతిలో పెట్టింది.

ద్వీపం ఉత్తర తీరంలో జాలరి పల్లెలు వరసగా ఉన్నాయి. జూన్ మధ్యలో వేట నిషేధం అయిపోతుంది కాబట్టి పడవలన్నీ పనిలో ఉన్నాయి. ఎండు చేపల వాసన, తాటాకు పందిళ్లు, వలలు బాగుచేసుకుంటున్న మగవాళ్లు. బోర్డు దించుతుంటే ఎవరూ గుంపుగా మూగలేదు. మా ఊళ్లో అయితే ఈ పాటికి ఫోన్లు లేచేవి. ఇక్కడివాళ్లు ఓరగా చూసి, తమ పని తాము చేసుకుని, తెరచాప ఇసుకలో ఒరిగిపోయినప్పుడు మాత్రం లేచి వచ్చి పట్టుకున్నారు. పట్టుకున్నాక కూడా ఏమీ అడగలేదు. ఆ మర్యాద నాకు కొత్త.

మాట్లాడింది ఒక్క పెద్దాయన. కాకినాడ రేవులో కొన్నేళ్లు పడవల మీద పనిచేశాడట, తెలుగు నోట్లోనే ఉంది. నీళ్ల వైపు గడ్డం చూపిస్తూ, "సార్, ఈ కచ్చాన్ గాలి మంచిదే. కానీ తీసుకుపోతది, తిరిగి తేదు," అన్నాడు.

ఆయన చెప్పింది ఈ చోటి అసలు లెక్క. వానాకాలంలో గాలి నైరుతి నుంచి వస్తుంది. ఉత్తర తీరంలో అది నేల మీదుగా సముద్రంలోకి వీస్తుంది. అల పుట్టడానికి గాలికి నీటి మీద కొంత దూరం కావాలి, ఒడ్డు పక్కన ఆ దూరం ఉండదు. చదునుకు కారణం అదే. ప్రమాదానికి కారణమూ అదే. తెరచాప కొయ్య విరిగినా, కీలు ఊడినా మనిషి కొట్టుకుపోయేది ఈశాన్యం వైపు, కచ్చతీవు దిక్కుకు, అంతర్జాతీయ సరిహద్దు రేఖ మీదికి. అక్కడ ఏ జాలరి ఇంట్లో అడిగినా, ఇంజను ఆగిపోయి ఆ గీత దాటి, శ్రీలంక నేవీ చేతికి చిక్కినవాళ్ల కథ ఒకటి ఉంటుంది. నా ఆటకు ఆ గీత ఒక హద్దు, వాళ్ల తిండికి అది పీటముడి. ఆ పెద్దాయన తన కొడుకు పడవను నాకు కాపలాగా పెట్టించి గానీ నీళ్లలోకి వదల్లేదు. డబ్బు తీసుకున్నాడు, అయితే డీజిలుకు ఎంత అవుతుందో అంతే.

ఉదయం పది దాటాక గాలి నిండింది. సాగర్‌లో కట్టిన దానికంటే బాగా చిన్న తెరచాప చాలింది. ఒడ్డు వెంబడి తూర్పుకు పరుగు తీస్తే గాలి వెనక నుంచి, కాస్త పక్కగా వస్తుంది. వేగానికి సరైన కోణం అదే. నేరుగా వెనక నుంచి వస్తే తెరచాప గాలితో పాటే పోతుంది తప్ప దాన్ని మించదు. పక్కవాటుగా పోతేనే బోర్డు గాలి వేగాన్ని దాటగలదు. నడుం లోతు నీళ్లు, అడుగున ఇసుక, అక్కడక్కడ నాచు పట్టిన నల్లటి నేల. వేగం పెరిగిన కొద్దీ చప్పుడు తగ్గడం నన్ను ఆశ్చర్యపరిచింది. సాగర్‌లో వేగం అంటే దడదడ. ఇక్కడ ఒక దశ దాటాక బోర్డు అడుగు నుంచి సన్నటి ఈల మాత్రం వచ్చింది. మోకాళ్లకు పని లేదు. పనంతా నడుముదీ, ముంజేతులదీ.

పడమటికి తిరుగు ప్రయాణం మాత్రం కూలి పని. గాలికి వాలుగా ఎదురెక్కుతూ, వచ్చిన దారినే నెమ్మదిగా వెనక్కి. వేగం వెంట పడేవాళ్ల వీడియోల్లో ఈ భాగం ఎప్పుడూ ఉండదు. నీటి మీద గడిపే సమయంలో ఎక్కువ భాగం ఇదే.

28.7 నాట్లు. గంటకు 53 కిలోమీటర్లు. ఒడ్డుకొచ్చి గడియారం చూసుకున్నప్పుడు కనబడిన అంకె అది. ల్యూడెరిట్జ్ లెక్కలో ఇది చిన్న పిల్లల ఆట. నాచారం లెక్కలో పండగ. పెద్దాయనకు చూపించాను. అంకె వంక కాకుండా నా చేతుల వంక చూసి, బొబ్బలకు కొబ్బరి నూనె రాయమన్నాడు.

ఆ పక్కనే విండ్‌సర్ఫింగ్ నేర్చుకున్న జాలరి కుర్రాడొకడు నాతో పాటు తిరిగాడు. తిన్నటి గాలిలో నాకంటే చాలా వేగం, వాడి దగ్గర ఒక్క కదలిక కూడా వృథా కాదు. మధ్యాహ్నం కాసేపు గాలి తెగిపోయి ముక్కలుగా వచ్చినప్పుడు మాత్రం వాడు తెరచాప దించేసి కూర్చున్నాడు. నాకు అది సాగర్ గాలి. నీటి మీద నల్ల మచ్చలు వెతికి, ఒకదాని మీద నుంచి ఇంకోదాని మీదికి దాటుకుంటూ నేను తిరుగుతుంటే వాడు లేచి నిలబడి చూశాడు. గాలి ఎప్పుడూ ఉండే చోట దాన్ని వెతకాల్సిన అవసరం పడదు. చెట్ల సందుల్లోంచి గాలిని ఏరుకునే విద్య మా చెరువు నేర్పింది. సాయంత్రం నేను వాడికి ఆ నల్ల మచ్చల లెక్క చెప్పాను. వాడు నాకు ముందు పాదం ఎక్కడ బరువు పెట్టాలో చెప్పాడు. భాష సగం సగమే అందింది, ఇసుకలో గీసిన బొమ్మలు మిగతా పని చేశాయి.

తిండి గురించి చెప్పకపోతే పాపం. నీళ్లలోంచి వచ్చినవాడి ఆకలి మామూలు ఆకలి కాదు. సావిడిలో అరిటాకు వేసి ఉప్పుడు బియ్యం అన్నం, చింతపండు పులుసులో సంకరా అని పిలిచే చేప ముక్కలు. పులుసు మన గోదావరి పులుసంత చిక్కగా లేదు, కారం తక్కువ, కొబ్బరి ఎక్కువ. మొదటి పూట లోటుగా అనిపించింది. ఎండలో ఉప్పు నీళ్లు తాగిన గొంతుకు ఆ మెత్తదనమే హాయి అని తర్వాత అర్థమైంది. రోడ్డు పక్కన తాటి ముంజలు, పదనీరు అని పిలిచే నీరా. ముంజ కాయను బొటనవేలితో పొడిచి తాగే తీరు అచ్చం మనదే. అమ్మే ఆమె మాత్రం తొందరపడదు, ఒకటి తినడం అయ్యేదాకా రెండోది కొట్టదు.

మరునాడు ధనుష్కోడి రోడ్డు పట్టాను. నేల అక్కడ సన్నబడి, ఒక్క రోడ్డుకు రెండు వైపులా రెండు సముద్రాలు మిగులుతాయి. 1964 డిసెంబరు తుపాను ఒక్క రాత్రిలో ఊరిని, రైలును, రైలులో ఉన్నవాళ్లను తీసుకుపోయింది. మొండి గోడల చర్చి దగ్గర గవ్వలు అమ్మే పిల్లలున్నారు. ఆ చోట వేగం గురించి మాట్లాడటం నాకు సిగ్గనిపించింది. కొంచెం వెనక్కి వచ్చి, దక్షిణం వైపు మన్నార్ నీళ్లలో దిగాను.

గాలి నిన్నటి కంటే ఎక్కువ, నున్నగా, ఎక్కడా చిరగకుండా వస్తోంది. అంకె మాత్రం సాగర్ స్థాయికి పడిపోయింది. అల మీది నుంచి అల మీదికి బోర్డు గెంతుతుంటే ఫిన్ కిందికి గాలి బుడగలు దూరి, నీటి మీద పట్టు ఒక్కసారిగా జారిపోతుంది. వెనక కాలు పక్కకు ఈడ్చుకుపోతుంది. వేగం పెంచడానికి ధైర్యం చాలదు, పెంచినా నిలవదు. రోడ్డు దాటి అవతలికి చూస్తే, కొద్ది వందల మీటర్ల దూరంలో పాక్ నీళ్లు మెరుస్తున్నాయి. గాలి ఒకటే, ఎండ ఒకటే, నేనూ ఒకడినే. మధ్యలో ఒక ఇసుక గట్టు. 28కీ 22కీ మధ్య తేడా అంతా ఆ గట్టుదే. ఇన్నాళ్లూ కొత్త తెరచాపలకు డబ్బు పోశాను కదా, ఇంట్లో ఈ సంగతి చెప్పలేదు.

ఆ సాయంత్రం అగ్నితీర్థం దగ్గర కూర్చుని, తడి బట్టలతో గుడిలోని బావుల దగ్గరికి పోయే జనాన్ని చూస్తూ వేగం లెక్కలు వేసుకున్నాను. రికార్డులంటే బలం, తెగువ అని నా చిన్నప్పటి నమ్మకం. లోకంలో గొప్ప అంకెలు పెట్టినవాళ్లకు ఆ రెండూ ఉన్నాయి, సందేహం లేదు. పాల్ లార్సెన్ 2012లో నమీబియాలోని వాల్విస్ బేలో తన పడవతో 65.45 నాట్లు అందుకోవడానికి ముందు, ఆ ఒక్క తీరం దగ్గర గాలీ నీళ్లూ కలిసివచ్చే రోజు కోసం ఏళ్లు గడిపాడు. అందులో ఎదురుచూడటం కూడా పెద్ద పనే. మా ఎన్‌జీఆర్ఐ కేంద్రం చేసేదీ ఆ పనే అని తోచి నవ్వొచ్చింది. పక్కన కూర్చున్న పూజారి ఎందుకు నవ్వుతున్నానని తమిళంలో అడిగాడు. చెప్పడం నా వల్ల కాలేదు.

తిరిగొచ్చే సరికి నాచారంలో బోనాలు. బోనం ఎత్తుకున్న ఆడవాళ్ల వెనక డప్పులు. సంచీ భుజాన వేసుకుని ఆ ఊరేగింపులో ఇరుక్కుని నేను నడిచిన వేగం ఏ ఉపగ్రహానికీ అంది ఉండదు. గల్లీ మొదట్లో చాయ్ దుకాణం అతను, "ఎంతొచ్చింది అన్నా ఈసారి?" అన్నాడు. 28.7 అన్నాను. "గాలి లేదా?" అని సానుభూతి చూపించాడు.

ఇప్పుడు నా చూపంతా కాకినాడ మీద ఉంది. గోదావరి మట్టి తెచ్చి పోసిన ఇసుక దిబ్బ ఒకటి, హోప్ ఐలాండ్, అక్కడ సముద్రానికీ కాకినాడ అఖాతానికీ మధ్య కిలోమీటర్ల పొడవున పడి ఉంది. నైరుతి కాలంలో అది నాకు పనికిరాదు. ఈశాన్య గాలి తిరిగాక, నవంబరు, డిసెంబరుల్లో, గాలి సముద్రం నుంచి వచ్చి ఆ దిబ్బను దాటి అఖాతంలోకి దిగుతుంది. అలలను ఆపే పొట్టి కట్ట గాలి వచ్చే వైపునే ఉంటుంది, పైగా గాలి తోసేది ఒడ్డు వైపుకే. తప్పిపోతే చేరేది కోరంగి మడ అడవులకో, కాకినాడ రేవుకో. సర్వే ఆఫ్ ఇండియా పటం తెరిచి స్కేలు పెట్టి దిబ్బ పొడవు కొలుస్తున్నాను. రామేశ్వరం పెద్దాయనకు ఫోన్ చేస్తే, ఆ నెలల్లో తుపాను జెండా ఎగరకుండా ఉన్న రోజులే తక్కువ, ముందు ఆ సంగతి చూసుకో అన్నాడు. ఆ తర్వాత దిబ్బ లోపలి వైపు వలలు కట్టే గుంజలు ఎక్కడెక్కడ పాతుతారో ఒక్కొక్కటే చెబుతూ పోయాడు. నేను పటం మీద పెన్సిలుతో గుర్తులు పెట్టుకున్నాను.